లైటు మోసేవాడి ముఖం చూపిన ఎల్లస్వామి

మార్చి నెల, మూడో బుధవారం. జనగామ, స్టేషన్ రోడ్డు, మందుల దుకాణం పైన మొదటి అంతస్తులోని వీడియో మిక్సింగ్ గది. హాజరైనవారు: ఎల్లస్వామి, ఆయన భార్య సుగుణ, మహబూబాబాద్ దగ్గరి తండా నుండి వచ్చిన ద్వాలి, నేను.

నా డైరీలో ఆ రోజు పేజీ ఇలా మొదలవుతుంది. ముందు తేదీ, తర్వాత హాజరు రాసుకోవడం జూనియర్ కళాశాల కార్యాలయంలో ఉద్యోగం చేసిన నాటి నుండి నాకు అలవాటు. రిటైరైనా అది పోలేదు; రోజూ కాసేపు ఎల్లస్వామి గదిలో కూర్చోవడం మాత్రం కొత్తగా చేరింది. ఆ నలుగురిలో ఒకరు మరునాటి సూర్యోదయం చూడరని ఆ వరుస రాసిన చేతికి తెలియదు. గురువారం తెల్లవారుజామున ఎల్లస్వామి గుండెపోటుతో కన్నుమూశాడు. వయసు యాభై ఒకటి. వార్త విన్న ప్రతివాళ్లూ "నిన్ననే చూసినం గద" అన్నారు. నేను చూడడమే కాదు, ఆ రోజంతా ఆయన పక్కనే కూర్చున్నాను. నా దిగ్భ్రాంతిలో సగం అందువల్లనే. ఆయన గురించి నాలుగు మాటలు రాయమని మిత్రులు అడిగినప్పుడు ఆ రోజు గురించే రాయాలనిపించింది. ఆయన జీవితమంతా ఆ ఒక్క రోజులో కనిపిస్తుంది.

ఎల్లస్వామి సొంతూరు బచ్చన్నపేట మండలంలోనిది. చెరువు నిండిన ఏడు పంట, నిండని ఏడు వలస. పత్తి రెండేళ్లు వరుసగా ఎండిపోయాక జనగామకు వచ్చి ఒక ఫోటో స్టూడియోలో చేరాడు. క్యాసెట్ల కాలంలో పెళ్లి వీడియోలు తీశాడు. తర్వాత కెమెరా వదిలి, తీసిన ముక్కలను కత్తిరించి జతచేసే మిక్సింగ్‌లో కూర్చున్నాడు. దేవరుప్పుల నుండి చిల్పూర్ దాకా ఏ పెళ్లి జరిగినా ఆ వీడియో ఆయన గదిలోనే పూర్తయ్యేది. మిక్సింగ్ చేసేవాళ్లు మన దగ్గర చాలామంది ఉన్నారు. రంగును రంగుగా చూసినవాడు మాత్రం ఆయనొక్కడే.

ఒకసారి ఒక పెద్దమనిషి కోడలి పెళ్లి వీడియో తెచ్చాడు. ఆ అమ్మాయి చామనఛాయ కంటే కొంచెం ఎక్కువ నలుపు. "పిల్లను జర తెల్లగ చెయ్యి ఎల్లన్నా, చుట్టాలకు చూపియ్యాలె" అని అడిగాడు. ఎల్లస్వామి కాదనలేదు. కుర్చీ జరిపి ఆయన్ను తెర ముందు కూర్చోబెట్టాడు. ముఖం తెల్లబరిచాడు. దాంతోపాటు పాదాల పసుపు సున్నంలా అయింది, తలంబ్రాలు మామూలు బియ్యమయ్యాయి, తాళి వెలిసిపోయింది. "ముఖం కడిగితే మంగళం గూడ కడుక్కపోతది పటేలా. ఇగ మీ ఇష్టం" అన్నాడు. పెద్దమనిషి కాసేపు చూసి, "ఎట్లున్నదో గట్లనే ఉండనీ" అని వెళ్లిపోయాడు. ఆ కోడలికి ఈ సంగతి తెలియదు. ఇది చదివితే తెలుస్తుంది.

రంగులు సరిదిద్దే పని నేర్చుకోవడానికి నలభై దాటిన వయసులో హైదరాబాద్ వెళ్లి ఒక తరగతిలో చేరాడు. అక్కడి అధ్యాపకుడు ఈయన నోట "గీ నీడల గింత వెలుతురు పెడితె" అన్న మాట వినగానే దాన్నే సాగదీసి పలికి పిల్లలందరినీ నవ్వించాడట. ఎల్లస్వామి కూడా వాళ్లతో కలిసి నవ్వాడట. నవ్వు ఆగాక, "తప్పు నా మాటల లేదు సార్, మీ మానిటర్ల ఉన్నది. ఒకసారి సరిజేసుకోండి" అన్నాడట. ఇది తానుగా ఎవరికీ చెప్పుకోలేదు. ఆ తరగతిలో ఆయనతో కలిసి చదివినవాడు నాకు చెప్పాడు.

ఇక ఆ బుధవారం.

ద్వాలి భర్త లచ్చిరాం. భూపాలపల్లి బొగ్గు గనుల్లో కాంట్రాక్టు కూలీ. పెళ్లిళ్ల కాలంలో సెలవు పెట్టి వచ్చి, బ్యాండు బృందంతో కలిసి బరాత్‌లో, అంటే పెళ్లి ఊరేగింపులో, నెత్తిన ట్యూబులైట్లు మోసేవాడు. అలా దేవరుప్పులలో ఒక బరాత్‌లో లైటు మోసిన సాయంత్రమే మహబూబాబాద్‌లో ఎవరో బస్సు అద్దాలు పగలగొట్టారు. ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజులు. పోలీసులు తండాలో కొందరి పేర్లు రాసుకున్నారు. లచ్చిరాం పేరు కూడా అందులో చేరింది. ఆయన జైలుకు వెళ్లి అప్పటికి పదహారు రోజులు. శుక్రవారానికి పనిలోకి రాకపోతే పేరు కొట్టేస్తానని కాంట్రాక్టరు కబురు పంపాడు. గురువారం ఉదయం మహబూబాబాద్ కోర్టులో బెయిలు మీద వాదన. ఆ సాయంత్రం లచ్చిరాం ఆ ఊళ్లో లేడని చెప్పడానికి ఆ పెళ్లి వీడియో ఒక్కటే బలమైన ఆధారమని వకీలు అన్నాడు.

వీడియోలో లచ్చిరాం ఉన్నాడు. కానీ ముఖం లేదు. నెత్తి మీద లైటు మోసేవాడి వెలుతురు పెళ్లికొడుకు మీద పడుతుంది. మోసేవాడు ఆ మంట కింద మసిబొమ్మలా ఉంటాడు. ఇన్నేళ్లు ఎన్ని బరాత్‌లు చూశానో! ఒక్క లైటు మోసేవాడి ముఖం కూడా నాకు గుర్తు లేదని ఆ రోజే తెలిసింది.

మామూలు మిక్సింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆ చీకటిని పైకి లాగితే ముఖం బదులు ఇసుక రాలినట్టు చుక్కలు వచ్చాయి. అందుకని ఎల్లస్వామి హైదరాబాద్ నుండి రంగుల పనికే తయారైన ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ తెప్పించి ఇన్‌స్టాల్ చేసుకున్నాడు. తొమ్మిది రోజులు కూర్చుని, ఆ రెండు నిమిషాల దృశ్యాన్ని ముక్క ముక్కగా విడదీసి సరిదిద్దాడు. ఆ దిద్దుబాట్లన్నీ సాఫ్ట్‌వేర్ తనతోపాటు పెట్టుకునే డేటాబేస్‌లో భద్రమవుతాయి. బుధవారం పొద్దున చివరిసారి చూసుకుని, డిస్కు చేసి ద్వాలి చేతిలో పెట్టాలి. సాయంత్రం రైలుకు ఆమె వెళ్లాలి. అంతే పని అనుకున్నాం.

పదకొండు గంటలకు సాఫ్ట్‌వేర్ తెరిచాడు. డేటాబేస్ దొరకడం లేదని ఒక చిన్న పెట్టె వచ్చి తెర మధ్యలో నిలిచింది. మళ్లీ తెరిచాడు. మళ్లీ అదే.

"ఏందన్నా, ఏమైంది?" అని ద్వాలి లేచి నిలబడింది.

"ఏం గాలే చెల్లే. గిదొక గోదాం అనుకో. మీ ఆయన బొమ్మకు నేను పెట్టిన వెలుతురంత గందుట్ల దాసిన. తాళంచెవి చేతిలనే ఉన్నది. గోదాం తొవ్వనే మర్చిపోయింది గిది."

"మరి ఎట్ల?"

"యాద్ చేపిద్దాం. దానిదేం పోయింది? కూసో."

నవ్వుతూనే అన్నాడు. అన్న తర్వాత ఎడమ భుజం నొక్కుకున్నాడు. "మౌస్ పట్టి పట్టి చెయ్యి గుంజుతున్నది సార్" అన్నాడు నాతో. ఆ మాట నేను డైరీలో రాసుకున్నాను: పదకొండు ఇరవై, చెయ్యి నొప్పి. మౌస్ పట్టేది కుడిచేత్తో. నొక్కుకున్నది ఎడమ భుజం. అది నాకు ఆ రోజు తట్టలేదు.

డేటాబేస్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేయబోయాడు. సగం దాకా వెళ్లి, ఈ ద్వారంలో, అంటే పోర్టులో, ఇప్పటికే ఒక డేటాబేస్ నడుస్తోందని చెప్పి ఆగిపోయింది. "చూసిండ్రా సార్, పాతది లోపట్నే ఉన్నది, పని గూడ చేస్తున్నది. మరి గీ సాఫ్ట్‌వేర్‌కు ఎందుకు కనబడ్తలేదు?" అన్నాడు. వైరస్ కాపలా సాఫ్ట్‌వేర్ అడ్డుపడుతోందేమోనని దాన్ని ఆపాడు. లాభం లేదు. పాస్‌వర్డ్ తప్పేమోనని మార్చి చూశాడు. లాభం లేదు. హైదరాబాద్ మిత్రుడికి ఫోన్ చేశాడు. అతను తేలికగా చెప్పేశాడు: "మొత్తం తీసేసి కొత్తగ ఎక్కియ్యి, అరగంటల అయిపోతది."

"అరగంటల అయితది. నా తొమ్మిది దినాలు గూడ అరగంటల పోతయి" అని ఎల్లస్వామి ఫోన్ పెట్టేశాడు.

కింద రోడ్డు మీద పోలీసు జీపు రెండుసార్లు తిరిగింది. సాయంత్రం ఏదో జరగబోతోందన్న పుకారుకు దుకాణాల షట్టర్లు ఒక్కొక్కటీ దిగుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆ రోజుల్లో మనకు అది అలవాటైన చప్పుడే. కానీ ఆ మధ్యాహ్నం ఒక్కో షట్టరు దిగినప్పుడల్లా ద్వాలి ఉలిక్కిపడింది. "రైలు నడుస్తదా సారూ?" అని నన్ను నాలుగుసార్లు అడిగింది.

ఒంటిగంటకు కరెంటు పోయింది. సుగుణ అన్నం తెచ్చింది. ఎల్లస్వామి విప్పి చూసి మూత పెట్టాడు. గచ్చు మీద పడుకున్నాడు. చొక్కా తడిసిపోయి ఉంది.

"గంత చెమట ఏందయ్యా? దవాఖానకు పోదాం లే" అంది సుగుణ.

"ఫ్యాను లేదు, చెమట రాక మంచు వస్తదా? గ్యాసు. గోలి వేసుకున్న."

"ఎప్పుడు చూడు, గ్యాసే నీకు!"

"రేపు పొద్దున పోదాం, సార్ గూడ వస్తడు. ఇయ్యాల గీమె పని. రేపు నా పని." నా వైపు తిరిగి, "ఏడు గంటల బస్సుకు హన్మకొండ పోదాం సార్, రాస్కోండి" అన్నాడు. నేను రాసుకున్నాను.

కరెంటు లేని ఆ సమయంలోనే వకీలు ఫోన్ చేశాడు. పని కాలేదని తెలిసి కంగారుపడ్డాడు. ముఖం స్పష్టంగా రాకపోతే లచ్చిరాం వేరే ఫోటో ఏదైనా అక్కడ అతికించవచ్చు కదా, ఎవరు కనిపెడతారు, అన్నాడు. ఎల్లస్వామి లేచి కూర్చున్నాడు. "వకీల్ సాబ్, ఉన్నదాన్ని కనబడేటట్టు చేస్త. లేనిదాన్ని ఉన్నట్టు చెయ్య. పోలీసోళ్లు చేసింది గదే కద? లేని మనిషిని ఆడ ఉన్నడని రాసిండ్రు." తన పనికి సంబంధించి ఆయన నాకు వినిపించిన చివరి నియమం ఇది. ద్వాలి పక్కనే ఉండి విన్నది. అతికించినా చాలు, భర్త బయటికి వస్తే చాలు అని ఆమెకు ఉండి ఉంటుంది. ఉన్నా తప్పు కాదు.

మూడు గంటలకు కరెంటు వచ్చింది. ఎల్లస్వామి మెల్లగా కుర్చీలో కూర్చున్నాడు. ఈసారి మౌస్ ముట్టుకోలేదు. ఏ మిషను మొరాయించినా ఆయన వేసే ప్రశ్న ఒకటి ఉంది. అదే నన్ను అడిగాడు.

"పని చేసిన్నాటికి, చెయ్యని నాటికి నడుమ ఏం మారింది? ఆదివారం పొద్దుగూకె దాక మంచిగ నడిచింది. తర్వాత నేను దీన్ని ముట్టలే. మీరు రోజు వచ్చిండ్రు. మీ పుస్తకంల చూడుండ్రి."

సంచిలోంచి డైరీ తీసి సోమవారం పేజీ చదివాను. చదువుతూ మధ్యలో ఆగిపోయాను.

ఉద్యమ కాలంలో మనమంతా చేసిన పని ఒకటి ఉంది. బండ్ల నంబరు ప్లేట్ల మీద, దుకాణాల బోర్డుల మీద 'ఏపీ' చెరిపి 'టీజీ' రాశాం. మా వీధిలో ఆ పని బాధ్యత నాది. తెల్ల రంగు డబ్బా, సన్న కుంచె నా దగ్గరే ఉండేవి. సోమవారం నాడు ఎల్లస్వామి కంప్యూటర్ తెరుచుకుంటున్నప్పుడు దాని పేరు కనిపించింది. అమ్మినవాడు ఎప్పుడో పెట్టిన పేరు. దాని మొదట్లో 'ఏపీ' అని ఉంది. "ఇందుట్ల గూడ ఏపీనేనా ఎల్లస్వామీ?" అన్నాను. ఆయన నవ్వి, "పేరేంది సార్, లోపల నడిచేదంత మనదే" అన్నాడు. నేను ఊరుకోలేదు. పట్టుబట్టి నా కళ్లముందే ఆ రెండక్షరాలు మార్పించాను. ఇంటికి వెళ్లి డైరీలో రాశాను: 'ఎల్లస్వామి కంప్యూటరుకు టీజీ పేరు పెట్టించితిని. సంతోషం.'

ఆ వాక్యం పైకి చదివాను.

ఎల్లస్వామి ఒక క్షణం కళ్లు మూసుకుని, తొడ మీద చరిచాడు. "గదే! గోదాం చిరునామల పాత పేరే ఉన్నది. ఇల్లు ఆడనే ఉన్నది, బోర్డు మనం మార్చినం. గిది పాత పేరు పట్టుకోని ఊరంత తిరుగుతున్నది."

"తప్పు నాదయ్యా" అన్నాను.

"తప్పేంది సార్? మీరు రాయకపోతె గిది దొరకకపోవు." తర్వాత నన్ను చూసి కళ్లతోనే నవ్వాడు. "ఓ గంట ఆంధ్రప్రదేశ్‌ల ఉందాం సార్. లచ్చిరాం బయటికొచ్చినంక మల్ల తెలంగాణ తెచ్చుకుందాం."

పాత పేరు పెట్టి, కంప్యూటర్ ఆపి మళ్లీ తెరిచాడు. నాలుగు ఇరవైకి డేటాబేస్ కలిసింది. తొమ్మిది రోజుల పని వరుసగా తెర మీదికి వచ్చి నిలిచింది.

ద్వాలిని ముందుకు పిలిచి, ఒక్కొక్క దిద్దుబాటునూ మెల్లగా ఆమె కళ్ల ముందు తెరిచాడు. ముందు నలుపు. తర్వాత నలుపులో ఒక బుగ్గ అంచు. తర్వాత బరువుకు బిగిసిన దవడ, కనుబొమ మీద పాత గాటు, చెమట. పసుపు పసుపులాగే ఉంది, పెళ్లికొడుకు తలపాగా ఎరుపు చెదరలేదు. వాటి పక్కన, ట్యూబులైట్ల కింద, ఒక మనిషి స్పష్టంగా నడుస్తున్నాడు.

ద్వాలి తెరను చేత్తో ముట్టింది. తమ భాషలో ఆ ముఖంతో ఏదో అన్నది. మాకు అర్థం కాలేదు. ఎల్లస్వామి ఏమన్నావని అడగలేదు.

"గట్ల మోస్తడని నాకు తెల్వదన్నా" అంది చివరికి. "ఎన్నడు చెప్పలే. పెండ్లిల తిరిగొచ్చిన అంటడు."

డిస్కు తయారయ్యేసరికి ఐదున్నర దాటింది. ఎల్లస్వామి దాన్ని రెండు కాగితాల మధ్య పెట్టి, సుగుణ పాత రవిక గుడ్డలో చుట్టి ఇచ్చాడు. రైలు నడిచింది. ఆమె వెళ్లింది. నేను ఇంటికి బయలుదేరుతుంటే ఆయన మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. "జరసేపు కూసుంట సార్, గాలి మంచిగున్నది" అన్నాడు. గాలేమీ లేదు. అది కూడా నేను గమనించాను. గమనించి ఇంటికి వెళ్లాను.

ఆ పేజీని ఇప్పటికి ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. పదకొండు ఇరవై, చెయ్యి నొప్పి. ఒకటి నలభై, చెమట, అన్నం ముట్టలేదు. మూడు పది, నీళ్లు అడిగాడు. ఐదు నలభై, మెట్ల మీద. అన్నీ రాశాను. రాసినదాన్ని చదవలేదు. నా పట్టుదల వల్ల పోయిన ఐదు గంటలు పోకుండా ఉంటే మధ్యాహ్నానికే పని అయ్యేది, సుగుణ మాట నెగ్గేది, ఆయన దవాఖానలో ఉండేవాడు. ఇందులో ఎంత నిజమో డాక్టర్లు చెప్పగలరు. నేను చెప్పలేను, కాదనలేను. ఆయన మాత్రం తప్పేంది సార్ అన్నాడు. ఇన్నేళ్లుగా మన ముఖాల మీది నీడను ఎవరినీ నొప్పించకుండా తీసిన మనిషి ఆయన. ఇప్పుడు ఆ గదిలో కుర్చీ ఉంది, కంప్యూటర్ ఉంది. రంగు తెలిసిన ఆ కన్ను లేదు. ఇంకొకరు వస్తారని నేను అనుకోను.

మరునాడు, గురువారం, బస్సుకని ఆరున్నరకే వాళ్లింటికి వెళ్లాను. గుమ్మం ముందు జనం. ఐదున్నరకు ప్రాణం పోయిందన్నారు. సుగుణ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కళ్లు పొడిగా ఉన్నాయి. కాసేపటికి తేరుకుని, ద్వాలికి కబురు చెప్పాలని ఫోన్ తీశాను. సుగుణ చెయ్యి అడ్డం పెట్టింది.

"చెప్పకుండ్రి సార్. కోర్టు పని కానియ్యుండ్రి. ఆమె ఏడ్చుకుంట జడ్జి ముంగట నిలబడొద్దు."

పదకొండున్నరకు పాడె సిద్ధమైంది. డప్పులు మొదలయ్యాయి. అప్పుడే ఎల్లస్వామి ఫోన్ మోగింది. సుగుణ దాన్ని కొంగులో పెట్టుకుని ఉంది. తీసి చూసి, డప్పులవాళ్ల వైపు చెయ్యెత్తింది. వాళ్లు ఆపేశారు. ఫోన్ ఎత్తి, "ఆఁ ద్వాలీ" అంది సుగుణ. ద్వాలి గొంతు నాకూ వినిపించింది.

"వదినే, అన్న లేడా? వకీళ్లంత కోర్టు బంద్ పెట్టిండ్రు. పొద్దుగాలనే అనుకున్నరంట, తెలంగాణ కోసమని. మన వకీలు గూడ లోపటికి పోలే. మల్ల పద్నాలుగు దినాలకు వాయిదా. నౌకరి పాయె. డిస్కు ఎవలు చూడనే లేదు."

కోర్టుల బహిష్కరణ తీర్మానాలకు చప్పట్లు కొట్టినవాణ్ణి నేను. తల దించుకుని నిలబడ్డాను.

"అన్నను అడుగు వదినే" అంది ద్వాలి. "పద్నాలుగు దినాల దాక గిది ఖరాబు కాదు గద? బొమ్మ గిట్లనే ఉంటది గద?"

సుగుణ పాడె వైపు చూసింది.

"ఉంటది ద్వాలీ. ఏం కాదు. గట్లనే ఉంటది" అంది. ఫోన్ పెట్టేసి, డప్పులవాళ్లను ఇక కొట్టమని తల ఊపింది.